మొఖం జూస్తే తెల్వదా? కామాటిపురా చాళ్లలో ఇంగితం చదివిన ఆటల కథ

ఈసారి కూడా పోస్టు కొంచెం పొడుగే. చాయ్ పెట్టుకుని చదవండి.

పోయిన నెల కార్యవర్గం ముందుకు ఒక ఫిర్యాదు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు సంఘం హాల్లో మన పిల్లలు ఆరేడుగురు బల్ల చుట్టూ కూచుని పాచికలు వేస్తున్నారు, సంఘం జాగాలో జూదం సాగనిస్తారా అని. ఫిర్యాదు చేసినాయన ముప్పై ఏళ్లుగా చందా కడుతున్న పెద్దమనిషి. ఆయన మాట కొట్టిపారేయలేం. అందుకని మేము ముగ్గురం వెళ్లి చూశాం.

డబ్బు లేదు. పేక లేదు. బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, చేత్తో గీసిన పటం ఒకటి, రంగురంగుల పాచికలు. నాలుగు ముఖాలది ఉంది, ఎనిమిది ముఖాలది ఉంది, ఇరవై ముఖాలది కూడా ఉంది. ఒక పిల్లవాడు కథ చెబుతున్నాడు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. ఒకడు దొంగ, ఒకడు సైనికుడు, ఒక అమ్మాయి వైద్యురాలు. కథలో వాళ్లు చీకటి పడేవేళ ఒక సత్రానికి చేరారు. సత్రం యజమాని "ఈ దారిలో ఏ భయమూ లేదు, పొద్దున్నే వెళ్లండి" అన్నాడు. వైద్యురాలి పాత్ర వేస్తున్న అమ్మాయికి అనుమానం వచ్చింది. "వాడి చేతులు, కళ్లు గమనిస్తున్నా. నిజమే చెబుతున్నాడా?" అంది. కథ చెప్పే అబ్బాయి "అయితే ఇన్‌సైట్ వెయ్యి" అన్నాడు. అమ్మాయి ఇరవై ముఖాల పాచిక వేసింది.

మాతో వచ్చిన అవ్వ ఒకామె గోడ పక్కన కుర్చీలో కూచుని ఇదంతా చూస్తోంది. ఉండబట్టలేక అడిగేసింది. "దానికి పాచికెందుకు బిడ్డా? మొఖం జూస్తే తెల్వదా?"

పిల్లలు నవ్వారు. కథ చెప్పే అబ్బాయి మాత్రం మర్యాదగానే జవాబిచ్చాడు. "అవ్వా, మొఖం నాది. అబద్ధం సత్రం వాడిది. నా మొఖం చూసి వాడి సంగతి ఎట్ల తెలుస్తది?"

అవ్వ ఒప్పుకోలేదు. ఆ అబ్బాయీ ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చాక మాలో మాకు కూడా అదే వాదన నడిచింది. మొఖం చదవడం అనేది ఒక విద్యా? విద్య అయితే మన చాళ్లలో అది ఎక్కడి నుంచి వచ్చింది? ఎప్పుడు పనికొచ్చింది, ఎప్పుడు మోసం చేసింది? ఈ పోస్టు ఆ వాదనలోంచి పుట్టింది.

ముందు పిల్లల ఆట సంగతి. దాని పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో అచ్చు వేశారు. దాని మూలం యుద్ధపు ఆటలు. 19వ శతాబ్దం మొదట్లో ప్రష్యా సైన్యం తన అధికారులకు బల్ల మీద పటం పరిచి, పాచికలు వేయించి, మధ్యలో ఒక తీర్పరిని కూచోబెట్టి యుద్ధం నేర్పేది. ఆ తీర్పరే ఇప్పటి కథకుడయ్యాడు. సేనలన్నిటినీ నడిపే ఆటగాడు ఒక్క మనిషి పాత్ర వేసేవాడయ్యాడు. మొదటి పుస్తకాల్లో మొఖం చదివే విద్య అంటూ విడిగా లేదు. ఎదురుపడ్డవాడు మిత్రుడో శత్రువో రెండు పాచికలు వేసి తేల్చేవారు, తక్కినది మాటల్లో నడిచేది.

2000లో వచ్చిన మూడో కూర్పులో సెన్స్ మోటివ్ అనే నైపుణ్యం చేరింది. ఎదుటివాడు బుకాయిస్తుంటే పసిగట్టడం దాని పని. 2008 నాటికి దాని పేరు ఇన్‌సైట్ అయింది. 2014లో వచ్చిన అయిదో కూర్పు నియమాల్లో శరీర భాష, మాట తీరు, నడవడికలో మార్పు చూసి ఎదుటివాడి అసలు ఉద్దేశం కనిపెట్టడమని దాన్ని వివరించారు. అబద్ధమాడేవాడు ఒక పాచిక వేస్తాడు, చదివేవాడు ఒకటి వేస్తాడు, ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లది గెలుపు. గర్ప్స్ అనే మరో ఆటలోనైతే శరీర భాష అన్న పేరుతోనే ఒక నైపుణ్యం ఉంది.

ఇంగ్లీషువాళ్లు దీనికి పేర్లు మారుస్తూ వచ్చారు గాని మన భాషలో దీనికి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. ఇంగితం. ఇంగితజ్ఞానం లేదా అని ఇంట్లో రోజూ తిట్టుకుంటాం. బుద్ధి, సమయస్ఫూర్తి అనే అర్థంలో వాడతాం. కాని సంస్కృతంలో ఇంగితం అంటే కదలిక, సంజ్ఞ, మనసులోని మాటను బయటపెట్టే చేష్ట. అంటే ఎదుటి మనిషి ఒంటి కదలిక చూసి మనసు తెలుసుకునేవాడే ఇంగితజ్ఞుడు. మన భాష లోకజ్ఞానానికి, ఒళ్లు చదివే విద్యకు ఒకే పేరు పెట్టుకుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దీనికి ఒక నిర్వచనం ఉంది. రాజు రహస్యాలు బయటికి పొక్కే దారులు చెబుతూ ఆయన ఇంగితాన్ని, ఆకారాన్ని విడివిడిగా వివరిస్తాడు. మనిషి మామూలుగా ఉండే తీరుకు భిన్నంగా ప్రవర్తించడమే ఇంగితం అంటాడు. ఈ మామూలు అన్న మాట గుర్తు పెట్టుకోండి. మన కథంతా దాని చుట్టే తిరుగుతుంది. ఒక మనిషి మామూలు ఏమిటో తెలియకపోతే, భిన్నం ఏమిటో కూడా తెలియదు.

ఇక మన సంగతికి వద్దాం.

ముంబైలో ఏడు దీవుల మధ్య నీళ్లకు అడ్డుకట్టగా హార్న్‌బీ వెల్లార్డ్ 1784 ప్రాంతంలో పూర్తయింది. దాని వెనక తేలిన పల్లపు బురద నేలను నింపుతూ ఊరు కట్టాల్సి వచ్చింది. నిజాం రాజ్యం నుంచి మనవాళ్లు ఆ పనికి 18వ శతాబ్దం చివరి పదేళ్లలో రావడం మొదలైంది. మట్టి మోసేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, గోడలు కట్టేవాళ్లు. వాళ్లను కామాటీలన్నారు, వాళ్లుండే చోటు కామాటిపురా అయింది. ఈ పేరు తెలుగు కూలీల నుంచే వచ్చిందని 1909 నాటి బొంబాయి గెజిటీర్‌లోనే ఉంది. ఆ కూలీల్లోంచే తర్వాత గుత్తేదారులూ వచ్చారు. వెంకు బాలోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు లాంటి తెలుగు గుత్తేదారులు 1870ల్లో మహాత్మా జోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

కూలీకి మొఖం చదవడం ఆట కాదు, కూడు. పొద్దున నాకా మీద నిలబడ్డ యాభై మందిలో పది మందికి పని దొరుకుతుంది. మేస్త్రి వీళ్ల భుజాలు, అరచేతులు, నిలబడ్డ తీరు చూస్తాడు. వీళ్లు మేస్త్రి కళ్లు చూస్తారు. ఇవాళ కూలి తగ్గించి అడుగుతాడా, సాయంత్రం సరిగా ఇస్తాడా, రేపు రమ్మంటాడా, అన్నీ అతను నోరు తెరవకముందే అంచనా వేయాలి. భాష రాని ఊళ్లో మొదటి రోజు నుంచి మనవాళ్లకు తోడున్నది ఈ ఒక్క విద్యే. మరాఠీ తర్వాత వచ్చింది, హిందీ ఇంకా తర్వాత వచ్చింది.

మిల్లుల కాలంలో ఈ నాకా మిల్లు గేటు దగ్గరికి మారింది. ముంబైలో మొదటి బట్టల మిల్లు 1854లో మొదలుపెట్టి, 1856లో నడిపించారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మన పద్మశాలీలు, ఇతర కులాలవాళ్లు ఆ మిల్లుల్లో చేరుతూనే ఉన్నారు. పక్కా ఉద్యోగం లేనివాళ్లు బదిలీలు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, రానివాడి స్థానంలో తమను పిలుస్తారా అని చూసేవాళ్లు. పిలిచేది జాబర్. జాబర్ నవ్వితే ఒక లెక్క, నవ్వకపోతే ఒక లెక్క. మా ఇళ్లలో పాత తరంవాళ్లు జాబర్ మీసం ఎటు కదిలితే ఏమవుతుందో యాక్టింగ్ చేసి చూపించేవారు. మేము చిన్నప్పుడు పడి పడి నవ్వేవాళ్లం. అందులో ఎంత భయముందో పెద్దయ్యాక తెలిసింది.

మిల్లు లోపల ఇంకో సంగతి. సాంచాల ఖాతాలో మగ్గాల మోతకు పక్కనున్నవాడి మాట వినబడదు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో నేతగాళ్లు పెదవుల కదలికతో, మొఖంలో కవళికలతో మాట్లాడుకునేవారు. దానికి మీమాయింగ్ అని ఒక పేరు కూడా ఉంది. మన మిల్లుల్లోని యంత్రాలు చాలావరకు ఆ లాంకషైర్ నుంచే వచ్చాయి. యంత్రంతో పాటు మోత వచ్చింది, మోతతో పాటు మూగభాష వచ్చింది. చేయి ఇలా తిప్పితే దారం తెగిందని, కనుబొమ్మ అలా ఎత్తితే సూపర్‌వైజర్ వస్తున్నాడని మా పెద్దలు ఇంట్లో కూడా సైగలు చేసేవారు. పాళీ అయిపోయి ఇంటికొచ్చాక కూడా గట్టిగా మాట్లాడేవారు, లేదా అసలు మాట్లాడకుండా సైగ చేసేవారు. వినికిడి పోయినవాళ్లు ప్రతి మజ్లాలో ఉండేవారు. మొఖం చదవడం వాళ్లు ముచ్చటపడి నేర్చుకున్న విద్య కాదు. మిల్లు వాళ్ల చెవులు తీసుకుని, బదులుగా ఆ విద్య ఇచ్చింది.

అలాంటి ఇళ్లలో పిల్లలు ఏ ఆట ఆడతారు? రాముడు-సీత.

కొత్త తరం కోసం నియమాలు చెబుతాం. చిన్న చిన్న చీటీల మీద రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, హనుమంతుడు అని రాస్తారు. ఎంతమంది ఉంటే అన్ని చీటీలు. ఒక్కో పేరుకు ఒక్కో లెక్క. మా గల్లీలో రాముడికి వెయ్యి, సీతకు సున్నా. చీటీలు మడిచి, దోసిట్లో ఊపి, నేల మీద వేస్తారు. తలా ఒకటి తీసుకుంటారు. రాముడి చీటీ వచ్చినవాడు బయటపడతాడు. సీత ఎవరో అతను చెప్పాలి. సరిగ్గా చెబితే వెయ్యి అతనిది. తప్పు చెబితే ఆ వెయ్యి సీతకు పోతుంది, రాముడికి సున్నా.

ఇందులో పేక నైపుణ్యం లేదు, గుర్తు పెట్టుకోవాల్సిన ఎత్తుగడ లేదు. ఉన్నదల్లా మొఖాలు. సీత వచ్చిన పిల్ల ఏమీ ఎరగనట్టు కూచోవాలి. హనుమంతుడు వచ్చినవాడు కావాలని సీతలా తల దించుకుని, రాముణ్ణి తన వైపు లాక్కోవాలి. అంటే ప్రతి ఒక్కరూ ఒక పాత్ర వేస్తున్నారు, ఆ పాత్ర దాచుతున్నారు, లేదా లేని పాత్ర నటిస్తున్నారు. మాస్కో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివే దిమిత్రీ దవీదోవ్ 1986లో మాఫియా అనే ఆట తయారుచేశాడు. గుంపులో దాక్కున్న హంతకుణ్ణి మొఖం చూసి, మాట చూసి పట్టుకోవడమే ఆ ఆట. ఇప్పుడది ప్రపంచమంతా ఆడుతోంది. 1970ల్లో మేము మూడో మజ్లా వరండాలో ఆడిన రాముడు-సీత దానికి దూరపు చుట్టమే. మా పక్క ఖోలీల మరాఠీ పిల్లలు దీన్నే రాజా, రాణీ, చోర్, శిపాయి పేర్లతో ఆడేవారు. రెండు చీటీల కట్టలూ కలిసిపోయి, ఒకోసారి సీతను శిపాయి పట్టుకునేవాడు. ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ఆ ఆటలో కొందరు ఆరితేరారు. మా మజ్లాలో ఒక అక్క ఉండేది. ఆమెకు రాముడు వస్తే సీత తప్పించుకోవడం కష్టం. మేము రహస్యం అడిగితే ఒక మాట చెప్పింది. "నేను మొఖం చూడను. ఎవరు రోజూలా లేరో చూస్తా. వాగుడుకాయ గమ్మున ఉంటే సీత. మూగోడు జోకు వేస్తే సీత." అర్థశాస్త్రం ఆమె చదవలేదు. కాని ఆమె చెప్పింది కౌటిల్యుడి నిర్వచనమే.

అది చాళ్‌లోనే ఎందుకు సాధ్యమైందో ఆలోచించండి. వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్, శివడీల్లో 1920ల్లో కట్టిన బీడీడీ చాళ్లు 207 భవనాలు. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. అందులో పది మంది. తలుపు రాత్రి తప్ప మూసేది లేదు. వరండా అందరిదీ, కుళాయి అందరిదీ. కామాటిపురా గల్లీల్లో ఖోలీలు ఇంకా ఇరుకు. పక్కింటివాడు ఎలా దగ్గుతాడో, కోపం వస్తే చెప్పులు ఎలా విడుస్తాడో అందరికీ తెలుసు. అక్కడ ప్రతి మనిషి మామూలూ ప్రతి మనిషికీ కంఠస్థం. అందుకే తేడా ఇట్టే దొరికేది. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అడగకుండానే తెలిసి, గిన్నెలో కూర పంపేవారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పనిలేక కూచున్న రోజుల్లో, అప్పు అడగడానికి నోరు రాని మగవాళ్లను మొఖం చూసి పిలిచి అన్నం పెట్టిన ఇళ్లు మన చాళ్లలో ఉన్నాయి. మా ఇళ్లలో కొన్ని ఆ అన్నం తిన్నవే.

ఇప్పుడు ఫిర్యాదు చేసిన పెద్దమనిషి భయం గురించి. అది ఉత్త భయం కాదు.

మనవాళ్లు ఉన్న వీధుల్లోనే మట్కా పుట్టింది. మొదట న్యూయార్క్ పత్తి ధరల అంకెల మీద పందాలు కాసేవారు. ఆ అంకెలు రావడం ఆగిపోయాక 1962లో కళ్యాణ్‌జీ భగత్ వర్లీలో, 1964లో రతన్ ఖత్రీ తన పద్ధతిలో, అంకెలు తీసే ఆట నడిపించారు. మిల్లు పగార్ రోజున ఆ పగార్‌లో ఎంత ఇంటికి చేరిందో, ఎంత చీటీకి పోయిందో పాత తరం ఆడవాళ్లను అడగండి. మట్కాలో చదవడానికి మొఖమే లేదు. ఎక్కడో ఎవరో కుండలోంచి తీసిన అంకె. మొఖం చదివి బతికిన మనుషులను మొఖం లేని ఆట దోచుకుంది.

పేక సంగతి వేరు. ఇక్కడ చట్టం ఒక విచిత్రం చేసింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అనే ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని కోర్టు చెప్పింది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అదే నైపుణ్యం అంది. అదే తీర్పులో మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టం అని తేల్చింది. చాళ్ వరండాలో దీపావళి రాత్రి మూడు ముక్కలాట చూసినవాళ్లు ఈ మాట వింటే ఏమంటారు? చేతిలో ఏమీ లేకుండా మొఖం బిగించి, పందెం పెంచి, మంచి ముక్కలున్నవాణ్ణి పారిపోయేలా చేసేవాళ్లను మేము చూశాం. జ్ఞాపకశక్తిని చట్టం విద్య అంది. మొఖం చదవడాన్ని, మొఖం దాచడాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కోర్టును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ విద్యతో ఇళ్లు గుల్లయిన సంగతీ మాకు తెలుసు. ఫోన్లో ఆడే డబ్బు రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించడం వెనకా అలాంటి ఇళ్లే ఉన్నాయి. కాబట్టి పాచిక చప్పుడు వినగానే పెద్దమనిషికి గుండె ఝల్లుమనడం సహజం. ఆయన ఒక్కరే కాదు, మాలో ఇద్దరం కూడా అదే అనుకుంటూ హాలు మెట్లెక్కాం.

ఇంతవరకు మొఖం చదవడం మనకు చేసిన మేలు చెప్పాం. ఇక అది మనకు చేసిన కీడు చెప్పాలి.

కామాటిపురా అని చిరునామా చెప్పగానే ఎదుటివాడి మొఖంలో వచ్చే మార్పు మన ఆడపిల్లలందరికీ తెలుసు. ఇంగ్లీషు పాలన కాలంలో ఈ గల్లీలకు వేరే పేరు పడింది. అక్కడ రెండువందల ఏళ్లుగా ఇల్లు కట్టేవాడు, బీడీ చుట్టేవాడు, మిల్లుకు పోయేవాడు, బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు ఉన్నారన్నది ఆ పేరు వెనక దాగిపోయింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో చిరునామా దగ్గర ఆగిన కళ్లు, పెళ్లిచూపుల్లో చల్లారిన టీ, రాత్రి ఆలస్యంగా వస్తున్న నర్సు అమ్మాయిని ఆపి అడిగిన ప్రశ్నలు మాకు కథలు కావు, మా ఇళ్లలో జరిగినవి. ఒక అమ్మాయి భయంతో తల దించుకుంటే తప్పు చేసిందన్నారు. తల ఎత్తితే పొగరన్నారు. చదివేవాడికి ఆ అమ్మాయి మామూలు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. చదవకముందే అర్థం రాసి పెట్టుకుని వచ్చాడు.

ఇది మన గల్లీ అనుభవం మాత్రమే కాదు. చార్లెస్ బాండ్, బెల్లా డీపాలో అనే ఇద్దరు పరిశోధకులు వందల ప్రయోగాల ఫలితాలు కలిపి చూసి 2006లో ఒక లెక్క చెప్పారు. ఎదుటివాడు చెప్పేది నిజమా అబద్ధమా అని మనుషులు సరిగ్గా చెప్పగలిగేది సగటున నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేస్తే 50. తేడా నాలుగే. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల ప్రవర్తన చూసి అనుమానితులను ఏరే పథకం ఒకటి కోట్ల డాలర్లతో నడిచింది. దానికి సరైన ఆధారం లేదని, ఖర్చు తగ్గించడం మేలని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2013లో చెప్పింది. ముందే చెప్పాం కదా, మామూలు తెలియకపోతే తేడా తెలియదని. కొత్తవాడి మొఖంలో మనం చదివేది చాలాసార్లు మన అనుమానాన్నే.

ఇప్పుడు హాల్లో పిల్లల బల్ల దగ్గరికి తిరిగి వద్దాం. "దానికి పాచికెందుకు" అని అవ్వ అడిగింది. ఇదంతా ఆలోచించాక మాకు మూడు జవాబులు తోచాయి.

మొదటిది, ఆ అబ్బాయి చెప్పినదే. కథకుడు మంచి నటుడు కాకపోవచ్చు. వాడికి నవ్వు వస్తే సత్రం యజమాని అబద్ధికుడని అర్థం కాదు. కథలోని మనిషి మొఖం బల్ల దగ్గర లేదు. అందుకే దానికి బదులు పాచిక.

రెండోది, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ మొఖాలు చదవలేరు. వైద్యురాలి పాత్ర వేసిన అమ్మాయి ఇంట్లో నలుగురిలో నోరు విప్పదు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే ఆమెకు కష్టం. రాముడు-సీత ఆడితే ఆమెకు ప్రతిసారీ సున్నాయే. మా చిన్నతనంలో అలాంటి పిల్లలను మొద్దు అని పక్కన కూచోబెట్టాం. ఆ తప్పు మేము చేశాం, ఒప్పుకుంటున్నాం. ఈ ఆటలో ఆ అమ్మాయి మనుషులను చదవగల వైద్యురాలు. కాగితం మీద ఆమెకు ఆ విద్య ఉంది, పాచిక ఆమె తరఫున మాట్లాడుతుంది. బలం లేని పిల్లవాడు కథలో మల్లయోధుడు కావచ్చు గదా. అలాగే ఇదీ.

మూడోది మాకు అన్నిటికంటే ముఖ్యం. పాచిక తప్పు పడవచ్చు. ఎంత నేర్పరి పాత్రకైనా ఒకటి పడవచ్చు. చాలా చోట్ల ఈ పాచికను కథకుడు చాటుగా వేస్తాడట, తాను చదివింది సరైనదో కాదో ఆటగాడికి తెలియకుండా. మొఖం చూసి తేల్చుకున్న ప్రతిదాని వెనకా తప్పు జరిగే వీలుందని ఆ ఆట పిల్లలకు ప్రతి ఆదివారం గుర్తు చేస్తోంది. చిరునామా చూసి మనల్ని చదివేసినవాళ్లకు ఈ నియమం ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది.

అలాగని అవ్వ మాట తప్పని మేమనం. ఆ రోజు ఆట అయిపోయాక ఒక సంగతి జరిగింది. పిల్లలు సర్దుకుంటుంటే అవ్వ కథకుణ్ణి దగ్గరికి పిలిచింది. "పొద్దున్నించి ఏం తినలేదు గదా నువ్వు" అంది. వాడు తిన్నానన్నాడు. అవ్వ వినలేదు, సంచిలోంచి సకినాలు తీసి ఇచ్చింది. వాడు నిలబడే నాలుగు తిన్నాడు. తర్వాత వాడి స్నేహితుడు చెప్పాడు, ఇంట్లో గొడవపడి పొద్దున్నే బయటికి వచ్చేశాడని. అవ్వకు ఆ అబ్బాయి పుట్టినప్పటి నుంచి తెలుసు. వాడి మామూలు తెలుసు. అలాంటిచోట పాచిక అక్కర్లేదు.

మేము తేల్చుకున్నది ఇదీ. తెలిసినవాళ్ల దగ్గర మొఖం చదవడం పరామర్శ. తెలియనివాళ్ల దగ్గర అదే పని తీర్పు అయిపోతుంది. మొదటిది మన చాళ్లు మనకు నేర్పిన గొప్ప విద్య. రెండోది మన మీద జరిగిన అన్యాయం. రెండింటికీ పేరు ఒక్కటే కావడం వల్ల మనం కూడా ఒకోసారి గల్లంతవుతాం. ఊళ్ల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి కొత్తగా వచ్చి మన గల్లీల్లో దిగుతున్న కూలీలను చూసి "వీడి మొఖమే చెబుతోంది" అని మనమూ అంటున్నాం. రెండు వందల ఏళ్ల కిందట మన తాతల తాతలను చూసి ఇంకెవరో అదే అని ఉంటారు.

బీడీడీ చాళ్లు కూలి టవర్లు లేస్తున్నాయి. కామాటిపురా పునర్నిర్మాణం మాటా చాలా కాలంగా నడుస్తోంది. సొంత బాత్రూమ్, లిఫ్టు వస్తే సంతోషమే, ఎన్ని తరాలుగా ఎదురుచూశాం. కాని అక్కడ వరండా ఉండదు, తలుపులు మూసి ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత పక్క ఫ్లాట్ మనిషి మామూలు మనకు తెలియదు. అప్పుడు ఒక బల్ల చుట్టూ ఆరుగురు నాలుగు గంటలసేపు ఒకరినొకరు చూస్తూ, ఒకరి మాట ఒకరు వింటూ కూచునే చోటు ఏదైనా ఉందంటే, అది కాపాడుకోవలసిందే అని మాకనిపించింది.

అందుకని కార్యవర్గం నిర్ణయం ఇది. ఆదివారం రెండు నుంచి ఆరు వరకు హాలు పిల్లలదే. డబ్బు పందెం ఏ రూపంలోనూ ఉండదు, ఉన్నట్టు తెలిస్తే ఆ రోజే ఆపేస్తాం. ఫిర్యాదు చేసిన పెద్దమనిషిని మొదటి ఆదివారానికి మేమే వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన గంటసేపు మాట్లాడకుండా చూసి, "సత్రంవాడు అబద్ధం చెప్తున్నడు, నేను ముందే అనుకున్న" అన్నారు. పాచిక మాత్రం వాడు నిజం చెబుతున్నాడనే చూపించింది. ఎవరిది సరైనదో వచ్చే ఆదివారం తేలుతుంది.

ఒక విన్నపం. రాముడు-సీతలో మీ గల్లీ లెక్కలు వేరుగా ఉండి ఉంటాయి. హనుమంతుడికి ఎంత, భరతుడికి ఎంత, ఊర్మిళ చీటీ ఉండేదా, తప్పు చెప్పిన రాముడికి ఏ శిక్ష వేసేవారు, గుర్తున్నంతవరకు కింద రాయండి. మీ అమ్మను, నాయనమ్మను, మేనత్తను అడిగి రాయండి. అన్నీ ఒక పుస్తకంలో ఎక్కించి హాల్లో పెడతాం. వచ్చే నెల ఒక ఆదివారం పెద్దలు, పిల్లలు కలిసి రాముడు-సీత ఆడదాం. చీటీలు మేము తెస్తాం. మొఖాలు మీరు తెచ్చుకోండి.